అదే లింకులో ఎజెండా మారిపోతోంది: ఏ అంశం మారిందో పట్టుకోవడం ఎలా?

నగరంలో భూమి వాడకాన్ని, కొత్త కట్టడాల దరఖాస్తులను పరిశీలించే జోనింగ్, డెవలప్‌మెంట్ రివ్యూ సమావేశాల ఎజెండాలను 6 గంటలకోసారి ఒక పైథాన్ స్క్రిప్టుతో చూస్తున్నాను. మొదటి ఎజెండా రాగానే తెలుస్తోంది. చిక్కంతా సవరణలతోనే. కొత్త పీడీఎఫ్‌ను అదే లింకులో, అదే పేరుతో పాతదాని మీదే పెట్టేస్తున్నారు. పేజీలో అక్షరం కూడా మారదు, అందుకే పేజీ మార్పును చూసే అలర్టు మోగదు.

ఫైలు చివరిగా ఎప్పుడు మారిందో సర్వరు చెప్పే లాస్ట్-మాడిఫైడ్ హెడర్ పనికిరాలేదు, ఎప్పుడు అడిగినా అప్పటి సమయమే ఇస్తోంది. ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) కూడా అంతే: డౌన్‌లోడ్ చేసిన ప్రతిసారీ సర్వరు ఫైల్లో కొత్త తేదీ, ఐడీ చేరుస్తోంది, కాబట్టి ఏమీ మారకపోయినా హ్యాష్ మారుతుంది. ఈ పీడీఎఫ్‌లు స్కాన్ చేసిన కాగితాలే కాబట్టి, పీడీఎఫ్‌ఇమేజెస్ అనే టూల్‌తో పేజీల బొమ్మలు విడదీసి వాటి హ్యాష్‌లు పోల్చాక ఆ తప్పుడు అలర్టులు ఆగాయి. ఇంతవరకు బాగానే ఉంది.

కానీ సవరించినప్పుడల్లా ఎజెండా మొత్తాన్ని మళ్లీ ప్రింటు తీసి స్కాన్ చేస్తున్నారు. దాంతో అన్ని పేజీలూ మారినట్టే కనిపిస్తాయి. టెసెరాక్ట్ అనే ప్రోగ్రాంతో 300 డీపీఐలో ఓసీఆర్ చేసి (అంటే బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చి), పాత, కొత్త టెక్స్ట్‌లకు వరుసల వారీగా డిఫ్ (తేడాల జాబితా) తీశాను. 8ని 3గా, 1ని 7గా చదవడంతో దాదాపు ప్రతి వరుసా తేడాగా వస్తోంది. దరఖాస్తు నంబరుతో జతపరుద్దామంటే తప్పులు ఎక్కువగా పడేది ఆ అంకెల్లోనే. పైగా ఒక అంశం తీసేస్తే కింద ఉన్నవన్నీ పైకి జరిగి, వరుస సంఖ్య కూడా నమ్మలేని స్థితి.

రెండు స్కాన్లలోని అంశాలను ఓసీఆర్ తప్పులు ఉన్నా సరిగ్గా జతపరిచి, కొత్తగా చేరినవీ, తీసేసినవీ, వాయిదా పడినవీ మాత్రమే చూపించాలంటే ఏ పద్ధతి వాడాలి?