రేడియోహెడ్ 'కిడ్ ఏ': గాయకుడి మాటలను ఎందుకు దాచారు?

ప్రశ్న (రాసినవారు: మంద్రస్థాయి)

ఇంగ్లండ్‌కు చెందిన రాక్ బృందం రేడియోహెడ్ 1997లో వెలువరించిన 'ఓకే కంప్యూటర్' ఆల్బమ్‌ను నేను కొన్నేళ్లుగా వింటున్నాను. గిటార్లు ఎంత బలంగా మోగినా ఆ పాటలకు ప్రాణం గాయకుడు థామ్ యార్క్ గొంతే. ఆ ఇష్టంతోనే 2000 అక్టోబరులో వచ్చిన 'కిడ్ ఏ' మొదలుపెట్టాను. మొదటి పాట 'ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్'లోనే ఆయన గొంతును ముక్కలు చేసి చల్లినట్టు వినిపించింది. ఆల్బమ్ పేరే పెట్టుకున్న రెండో పాటలో ఆయన ఏమంటున్నారో పదిసార్లు విన్నా పట్టుకోలేకపోయాను. సాహిత్యం స్పష్టంగా పలకకపోతే అది పాడినట్టే కాదని నమ్మే గురువుగారి దగ్గర చిన్నప్పుడు గాత్రం నేర్చుకున్నాను కనుక, ఇది నాకు మింగుడుపడడం లేదు. అంత మంచి గొంతును ఎందుకు దాచినట్టు? లేక నేను వినడంలోనే లోపం ఉందా?

సమాధానం 1 (రాసినవారు: పాత క్యాసెట్)

మీరు వినడంలో లోపమేమీ లేదండి, వారు కావాలనే అలా చేశారు. 'ఓకే కంప్యూటర్' తరువాత 1998 వరకు సాగిన సుదీర్ఘ పర్యటనలతో యార్క్ మానసికంగా బాగా కుంగిపోయారు. పాటలు రాయడం కూడా ఆగిపోయింది. అదే సమయంలో బ్రిటన్‌లో రేడియోహెడ్‌ను పోలిన గిటార్ బృందాలు చాలా పుట్టుకొచ్చాయి. తన శైలి అందరి నోటా వినిపిస్తూ ఉండడంతో అది ఆయనకే పరాయిదైపోయింది. అప్పుడు ఆయన పియానో కొనుక్కున్నారు. ఏఫెక్స్ ట్విన్, ఓటెకర్ వంటి వారి ఎలక్ట్రానిక్ సంగీతంలో మునిగిపోయారు. మనిషి గొంతే లేని ఆ సంగీతం గిటార్ పాటలతో సమానంగా తనను కదిలించిందని ఆయన తరువాత చెప్పారు. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1999 జనవరిలో ప్యారిస్‌లో మొదలైన రికార్డింగ్ కోపెన్‌హేగెన్, గ్లాస్టర్‌షైర్‌ల మీదుగా ఆక్స్‌ఫర్డ్‌లోని వారి సొంత స్టూడియోకు చేరింది. సాహిత్యం కోసం యార్క్ కొన్నిచోట్ల వాక్యాలను కాగితం ముక్కల మీద రాసి, టోపీలో కలిపి, చేతికి వచ్చినవి తీసి వాడుకున్నారు. ఆ మాటలు సంగీతం నుంచి విడదీసి చదవవలసినవి కావని, ఆల్బమ్‌తో పాటు సాహిత్యాన్ని అచ్చు వేయించడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు.

సమాధానం 2 (రాసినవారు: తీగ వంతెన)

కారణాలు పై మిత్రులు చెప్పారు కనుక, రెండో పాటలో జరిగిన పని గురించి మాత్రమే రాస్తాను. ఫ్రెంచి సంగీతకారుడు మోరిస్ మార్తెనో 1928లో ప్రపంచానికి చూపిన 'ఓండ్ మార్తెనో' అనే విద్యుత్ వాద్యం ఒకటి ఉంది. దాని కీబోర్డు మెట్ల ముందు ఒక తీగ ఉంటుంది. వేలికి ఉంగరం తొడుక్కుని ఆ తీగ వెంబడి జరుపుతూ ఉంటే స్వరం ఎక్కడా తెగకుండా జారుతుంది. వీణ మీద జారు విన్న చెవికి అది పరాయిగా తోచదు. స్వరకర్త ఒలివియే మెసియాన్ రచనల ద్వారా బృందంలోని గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్‌కు దాని మీద మక్కువ కలిగింది. 'కిడ్ ఏ' పాటలో యార్క్ మాటలను పలికారు, జానీ ఈ వాద్యం మీద వరుసను వాయించారు, ఆ రెండింటినీ వోకోడర్ (మాటల ఉచ్చారణను వాద్యధ్వనికి అద్దే పరికరం) కలిపింది. అంటే మాటలు యార్క్‌వి, స్వరం జానీ వేలిది. ఆ సాహిత్యం చాలా క్రూరంగా ఉన్నందువల్ల తన సొంత గొంతుతో పాడలేకపోయేవాడినని యార్క్ చెప్పుకున్నారు. మొదటి పాటలో గొంతు ముక్కలైనట్టు వినిపించడం నిర్మాత నైజెల్ గోడ్రిచ్ పనితనం; రికార్డు చేసిన గొంతును ఆయన ప్రో టూల్స్ సాఫ్ట్‌వేర్‌లో ముందుకూ వెనక్కూ జరిపి ఆ ధ్వనిని రాబట్టారు.

సమాధానం 3 (రాసినవారు: గోదారి గట్టు)

"దాచారు" అనే మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. మీరు రెండో పాట దగ్గరే ఆగిపోయినట్టున్నారు. నాలుగో పాట 'హౌ టు డిసపియర్ కంప్లీట్లీ' దాకా దయచేసి వెళ్ళండి. అకూస్టిక్ గిటార్, ఏ ముసుగూ లేని యార్క్ గొంతు, వెనుక ఇంగ్లండ్‌లోని డార్చెస్టర్ అబ్బే అనే పాత చర్చిలో రికార్డు చేసిన తీగవాద్య బృందం. మూడు పాటల పాటు ఆ గొంతుకు మొహం వాచిపోయి ఉంటాము కనుక అది వచ్చిన క్షణాన గుండె పట్టేస్తుంది. ఇదే పాటను ఆల్బమ్ మొదట్లో పెట్టి ఉంటే ఇంత బలం ఉండేది కాదు. 'ఆప్టిమిస్టిక్'లో గిటార్లు కూడా తిరిగి వస్తాయి. చివరి పాటలో కాలితో తొక్కే హార్మోనియం వినిపిస్తుంది. హార్మోనియం చుట్టూ పెరిగిన మనకు ఆ గాలి శబ్దం ఎంత దగ్గరగా అనిపిస్తుందో మీరే చూడండి. ఒక్క మనవి: పాటలను విడివిడిగా కాక, వరుస మార్చకుండా వినండి. అప్పట్లో వారు ఒక్క పాటను కూడా సింగిల్‌గా, అంటే ఆల్బమ్ నుంచి విడిగా, విడుదల చేయలేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన (మంద్రస్థాయి)

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా విన్నాను. నాలుగో పాట ముగింపులో గొంతు పై స్థాయికి పోయి తీగవాద్యాలలో కలిసిపోతున్నప్పుడు, ఏది గొంతో ఏది వాద్యమో కాసేపు తెలియలేదు. ఆ తరువాత రెండో పాటకు వెనక్కి వెళ్ళి, మాటల కోసం వెతకడం మానేసి, వరుసను మాత్రం ఆలాపన పట్టుకున్నట్టు పట్టుకుని కూనిరాగం తీస్తే నోటికి వచ్చేసింది. మొదటి పాట మాత్రం నాకు ఇంకా దొరకలేదు.