పాత గోడ పోస్టర్ల చుట్ట దొరికింది, ఏ సంవత్సరానివో ఎలా తెలుస్తుంది? (విశాఖ)

అల్లిపురం_అబ్బాయి:
అందరికీ నమస్కారం. మా పెద్ద మావయ్య సైన్‌బోర్డులు, గోడ రాతలు రాసేవారు, ఆయన పోయాక అటక మీద సామాన్లు దించుతుంటే ఒక పోస్టర్ల చుట్ట దొరికింది. సినిమావేమో అనుకున్నా గానీ కాదు, ఎక్కువ కవి సమ్మేళనాలు, నాటకాలు, పాటల ప్రోగ్రాములు, ఒకటి రెండు అమ్మవారి పండగవి. ఒకదాని మీద పైన పిడికిలి బొమ్మ ఉంది, మోటు గీతలు, దాని పక్కనే నాలుగు లైన్ల కవిత, కింద డప్పు పాటలు ఉంటాయని, ఫిబ్రవరి 14 శనివారం సాయంత్రం 6 గంటలకు టౌన్‌హాల్లో, అందరూ ఆహ్వానితులే అని. సంవత్సరం మాత్రం ఎక్కడా వెయ్యలేదు. అంచులు ముట్టుకుంటే విరిగిపోతున్నాయి. ఇంట్లో వాళ్ళు పాత పేపర్లవాడికి వేసెయ్యమంటున్నారు, నాకు మనసొప్పట్లేదు. ఇవి ఎప్పటివో కనుక్కునే దారి ఏమైనా ఉందా, లామినేషన్ చేయిస్తే నిలుస్తాయా?

పాతూరు_మాష్టారు:
బాబూ, ముందు అవి పేపర్లవాడికి మాత్రం ఇవ్వకు. ఈ ఊళ్ళో కవిత్వం పుస్తకం కన్నా ముందు గోడ మీదకీ కరపత్రం మీదకీ ఎక్కిన రోజులున్నాయి. 1970 ఫిబ్రవరి మొదట్లో శ్రీశ్రీ షష్టిపూర్తి ఇక్కడే చేశారు, ఆ సభల్లో విశాఖ విద్యార్థులు అనే పేరుతో ఒక కరపత్రం పంచారు, రచయితలూ మీరు ఎవరి పక్షం తేల్చుకోండి అని నిలదీస్తూ. అదే ఏడు జూలై 4న హైదరాబాద్‌లో విరసం, అంటే విప్లవ రచయితల సంఘం పుట్టింది, శ్రీశ్రీయే మొదటి అధ్యక్షుడు. ఒక్క కాగితం వల్లే అంతా జరిగిందని అనను గానీ, ఆ చరిత్ర చెప్పేవాళ్ళెవరూ ఆ కాగితాన్ని వదిలెయ్యరు. అంతకు ముందు 1966లో ఉక్కు ఉద్యమం, 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్నది ప్రాస కుదిరిన కవిత్వమే కదేటి, 2021లో ప్రైవేటీకరణ గొడవ మొదలయ్యాక మళ్ళీ అదే మాట బయటికొచ్చింది.

ఇక సంవత్సరం సంగతి. తేదీ, వారం రెండూ ఉన్నాయి కదా, పాత క్యాలెండర్లు ముందేసుకుని ఫిబ్రవరి 14 శనివారం ఏయే ఏళ్ళలో పడిందో చూడు, నాలుగైదే తేలతాయి. తర్వాత పోస్టర్ అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు ఉంటుంది, అప్పట్లో 1867 నాటి చట్టం ప్రకారం అచ్చేసిన కాగితం మీద ప్రింటర్ పేరూ ఊరూ వెయ్యాల్సి ఉండేది, అక్కడ అడ్రసులో పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతదే. అమ్మవారి పండగవైతే ఇంకా తేలిక, తెలుగు సంవత్సరం పేరు వేస్తారు, ప్రభవ అని ఉంటే 1987 ఉగాది తర్వాతదన్నమాట.

సీతమ్మధార_శ్రీను:
నా మాట కొంచెం వేరేగా ఉంటుంది, ఏమనుకోకండి. పాతవి దాచుకోవడం మంచిదే గానీ పోస్టర్లని మరీ ఇంత నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మా ప్రహరీ మీద అతికించినవి గీకించలేక చస్తున్నాం, ట్యూషన్లు, అప్పులు, మొలల వైద్యం, అన్నీ అక్కడే. గోడలు పాడుచెయ్యకూడదని 1997లోనే చట్టం వచ్చింది. ఇప్పుడు బీచ్ రోడ్డు వైపు గోడలకి బొమ్మలు వేయించారు, చూడ్డానికి ఎంత బావున్నాయో, అది కళ కాదంటారా?

రంగులడబ్బా:
శ్రీను గారూ మీ ప్రహరీ మీద అడక్కుండా అంటించడం తప్పే, అందులో వాదన లేదు. బీచ్ రోడ్డు బొమ్మలు వేసిన కుర్రాళ్ళ చెయ్యి కూడా మంచిదే. కాకపోతే ఆ బొమ్మ ఏడాదంతా ఒకటే చెప్తుంది. ఫలానా శనివారం ఫలానా హాల్లో పాట ఉంది రండి అని పిలవదు. పోస్టర్ గొప్పతనం ఆ పిలుపులోనే ఉంది, బొమ్మ వేసినవాడూ కవిత రాసినవాడూ డప్పు కొట్టేవాడూ ఒకే కాగితం మీద కలుస్తారు, డబ్బుల్లేని సంఘాలకి అదొక్కటే మైకు. ఫ్లెక్సీ వచ్చాక అన్నిట్లోనూ మొహాలే మిగిలాయి. 2022 ఆగస్టులో ఫ్లెక్సీలు ఆపేస్తామని మన విశాఖలోనే ప్రకటించారు, అప్పుడు గోడ రాత వాళ్ళకి మళ్ళీ పని దొరుకుతుందని నేను నిజంగా ఆశపడ్డాను. ఆ పని తెలిసిన చెయ్యి వేరు, ముందు సున్నం వేసి, ఆరాక ఇద్దరు మనుషులు రంగుపొడి దారం బిగబట్టి గోడకేసి టప్పున కొడితే తిన్నటి గీత పడుతుంది, ఆ గీత మీద గుండ్రటి తెలుగు అక్షరం బ్రష్ ఎత్తకుండా తిప్పుతారు.

తమ్ముడూ, మీ మావయ్య గారి పోస్టర్లలో ఏది ఎలా అచ్చయిందో కూడా రాసి పెట్టు. వెనక్కి తిప్పి వేలితో తడుము, అక్షరాలు ఉబ్బెత్తుగా తగిలితే అచ్చు గుద్దినది, పెద్ద అక్షరాలకి చెక్క టైపు వాడేవారు. ముందువైపే రంగు మందంగా పొరలా ఉంటే స్క్రీన్ ప్రింటింగ్. భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ఆఫ్‌సెట్.

లామినేషన్ వద్దే వద్దు, వేడికి అతుక్కుంటే ఇంక ఊడదు. సెల్లోటేపు కూడా వద్దు, పసుపు మరక దిగిపోతుంది. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డిసెంబర్, జనవరిలో పొడిగా ఉన్న రోజు చూసి నీడలో మెల్లగా విప్పు, బలవంతం చెయ్యకు, ముందు పగటి వెలుతురులో నిటారుగా ఫొటో తియ్యి, పక్కన స్కేలు పెట్టి. వాడి తీసిన పోస్టర్లు ఏవైనా ఉంటే వెనక మైదా జిగురు ఉంటుంది, పురుగు దానికే పడుతుంది, మైలుతుత్తం కలిపినా పూర్తిగా ఆగదు, అందుకని అవి విడిగా పెట్టు.

అల్లిపురం_అబ్బాయి:
మాష్టారూ, కూర్చుని చూశాను. ఫిబ్రవరి 14 శనివారం 1970, 76, 81, 87లో పడింది. ప్రెస్సు అడ్రసులో పిన్‌కోడ్ ఉంది కాబట్టి 70 కొట్టేశాను. 76 ఎమర్జెన్సీ టైం, పిడికిలి బొమ్మ వేసి పేరూ ఊరూ పెట్టి అచ్చేసే ధైర్యం ఏ ప్రెస్సుకీ ఉండదనిపిస్తోంది. అంటే 81 గానీ 87 గానీ. రంగులడబ్బా అన్నా, వెనక తడిమితే కవిత అక్షరాలు గట్టిగా తగిలాయి, పిడికిలి మాత్రం పైన మందంగా ఉంది, అంటే బొమ్మ స్క్రీన్, అక్షరాలు అచ్చు, రెండు చోట్ల రెండుసార్లు వేయించారన్నమాట. ఆ బొమ్మ మా మావయ్యదేనా అని అత్తయ్యని అడిగితే ఇంట్లో వేసేవారు కాదు, ప్రెస్సులోనే రాత్రుళ్ళు ఉండిపోయేవారు అంది. 81, 87 ప్రాంతాల్లో టౌన్‌హాల్ ప్రోగ్రాములకి వెళ్ళినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి, ఫొటోలు రేపు పెడతాను. మిగతావి ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ఫైన్ ఆర్ట్స్ వాళ్ళకి చూపిద్దామని ఉంది, అక్కడ ముందుగా ఎవర్ని కలవాలో కూడా తెలిస్తే చెప్పండి.