సమస్య: "మంచమునకు వెఱచి మరణ మడిగె" (ఆటవెలది)

ఈసారి సందర్భం పాత కౌబాయ్ కథలు. గ్లెండన్ స్వార్తౌట్ 1975లో రాసిన ‘ది షూటిస్ట్’ చదివినవాళ్లకు వెంటనే తట్టాలి. 1901, ఎల్ పాసో, పేరుమోసిన తుపాకీవీరుడు జె.బి. బుక్స్‌కి ప్రొస్టేట్ క్యాన్సర్, డాక్టరు ఇవ్వగలిగింది నల్లమందు కలిసిన లాడనం ఒక్కటే. అద్దె గదిలో అరుస్తూ పోవడం ఇష్టం లేక తనను చంపగలవాళ్లను తనే సెలూన్‌కు రప్పించుకుంటాడు.

పూరణ 1:
తూట కెదురు నిలిచి తొణకని మొనగాఁడు
లోని రోగ మెఱిఁగి లొంగఁబోక
పోరి కూలు టొకటె పౌరుషమ్మని యెంచి
మంచమునకు వెఱచి మరణ మడిగె

– మొదటి రెండు పాదాలూ చాలా బాగున్నాయి. మూడో పాదంలో యతి తప్పింది, చూసుకోండి. ‘పో’కి ‘పౌ’ కుదరదు, ఔకారం అకారంతో చేరుతుంది గానీ ఓకారంతో కాదు, మనలో చాలామంది జారేది ఇక్కడే. "పడక వీడి పోరు పౌరుషమ్మని యెంచి" అంటే యతీ సరిపోతుంది, తర్వాత వచ్చే మంచానికీ దారి పడుతుంది.

– మార్చుకున్నానండీ, ధన్యవాదాలు.

పూరణ 2 (దంతవైద్యుడైన తుపాకీవీరుడు డాక్ హాలిడే మీద):
దగ్గుతెరల నలఁగి దంతవైద్యుఁ డొకండు
చేతి గన్ను మరచి చేరె పడక
కాలి బూట్లు లేని కాళ్ళను గనుగొని
మంచమునకు వెఱచి మరణ మడిగె

– ‘కాలి బూట్లు లేని కాళ్లు’ పునరుక్తి. ‘కరకు బూట్లు’ అనండి. ‘గన్ను’ మీద నాకు అభ్యంతరం లేదు, తుపాకీ మాత్రం మన మాటా, టర్కీ నుంచి వచ్చిందే కదా. కానీ హాలిడే 1887 నవంబరు 8న గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్‌లో క్షయతో మంచం మీదే పోయాడు, అప్పటికి 36 ఏళ్లే. బూట్లతోనే చావాలన్నది ఆ తుపాకీవీరుల పట్టింపు, అందుకని ఆ కాళ్లను చూపించడం నాకు నచ్చింది. అయితే పడక చేరాక ఇక వెరవడం ఏమిటి? సమస్య అక్కడ అతకలేదు.

పూరణ 3:
తలగడ కడ రెండు తళుకుల పిస్తోళ్ళు
వేలు మీట మీఁద, వెఱపు లేదు
తలుపు కడనె నిలిచి దయసేయుమా యని
మంచమునకు వెఱచి మరణ మడిగె

– అబ్బ! ‘మరణము అడిగె’ అని విరిచారు! ముసలాయన మంచం దగ్గరికి రావడానికి చావే జంకి, గుమ్మంలో నిలబడి బయటికి రమ్మని పిలుస్తోంది. ఇది చదవగానే ఈ కథ సినిమాలో (1976) బుక్స్‌గా వేసిన జాన్ వేన్ మొహం కళ్ల ముందు నిలిచింది. అదే ఆయన ఆఖరి సినిమా, మూడేళ్లకు ఆయన్ని కూడా క్యాన్సరే తీసుకుపోయింది. ఒక్క సందేహం. పిస్తోళ్లు తలగడ దగ్గరుంటే వేలు మీట మీదికి ఎలా వచ్చింది? పైగా వెఱపు, వెఱచి రెండూ దగ్గర దగ్గరగా పడ్డాయి. "చేయి వాటి మీఁద, చెదర లేదు" అంటే?

– అదే ఉంచుతానండీ. ‘చెదర లేదు’లో వణకని ముసలి చెయ్యి కనబడుతోంది.