నల్లమట్టి పొలానికి చిన్న ఫోర్‌వీల్ ఏటీవీ: బెల్టా, గేరా?

పదెకరాల_పొలం:
డాలస్‌కి ఉత్తరాన సెలైనా వైపు నల్లమట్టి నేల, పదెకరాల లోపు. కంచె వెంట తిరగాలి, కలుపు మందు కొట్టాలి, చిన్న ట్రాలీలో కంకర, కొమ్మలు లాగాలి. మూడు ఏటీవీలు (పొలాల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బళ్ళు) చూస్తున్నాం: గేర్లున్న హోండా రాంచర్ 420, బెల్టున్న (గేర్ల బదులు పుల్లీల మీద తిరిగే రబ్బరు బెల్టు శక్తిని చేరవేసే) యమహా కోడియాక్ 450, రెండు రకాల్లోనూ వచ్చిన సుజుకి కింగ్‌క్వాడ్ 400. సుజుకిలో ఎఫ్ఎస్ఐ అంటే గేర్లు, ఏఎస్ఐ అంటే బెల్టు. బురదలో బెల్టు కాలిపోతుందని కొందరు, అది పాతకాలం మాటని కొందరు. కొత్తగా కొన్నవాళ్ళకి మొదటి 20 గంటల్లో ఏది తేడా కొడుతుందో చెప్పండి.

గేరు_గట్టిది:
గేరే అన్నా, రెండో ఆలోచన వద్దు. రాంచర్‌లో ఇంజను పొడవునా కూర్చుంటుంది. క్రాంకు నుంచి చక్రాల దాకా గేర్లు, షాఫ్టులే. క్లచ్‌లు ఇంజనాయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి గుంటలో నీళ్ళొచ్చినా వాటికేం కాదు. బెల్టు అలా కాదు, పొడిగా ఉన్నంతసేపే పట్టు. బెల్టుండే డబ్బాలోకి నీళ్ళు దూరితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. దిగబడిన బండిని బయటికి తీయాలని యాక్సిలరేటర్ పట్టుకుని కూర్చుంటే పుల్లీ తిరుగుతుంది, బెల్టు ఆగిపోతుంది. ఆ ఒక్క చోటే బెల్టు అంచు అరిగి సన్నబడుతుంది. అప్పట్నుంచి ప్రతి చుట్టుకీ టక్, టక్‌మని కొట్టుకుంటుంది. ఇక మార్చాల్సిందే.

నిదానం_బండి:
మీరు చెప్పినవన్నీ జరిగేవేనండీ, కానీ అన్ని బెల్టు బళ్ళకీ ఒకేలా జరగవు. చాలా బళ్ళలో బండి కదిలేటప్పుడు జారేది బెల్టే. పుల్లీ మూసుకుని బెల్టును పట్టుకునే ఆ క్షణంలోనే వేడి పుడుతుంది. యమహాలో బెల్టు ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది. జారే పని ఆయిల్‌లో ఉన్న సెంట్రిఫ్యూగల్ క్లచ్‌ది (ఇంజను వేగం పెరిగితే తనంతట తానే పట్టుకునేది). దానికి తోడు వన్‌వే క్లచ్ ఉంది, వాలు దిగేటప్పుడు బండిని ఇంజను పట్టి ఆపే బలం (ఇంజను బ్రేకు) తెగిపోదు. బెల్టు కాల్చుకునేవాళ్ళలో ఎక్కువమంది ట్రాలీ తగిలించి 'హై'లో (వేగానికి వాడే రేంజ్‌లో) నడిపేవాళ్ళే. గంటకి పది మైళ్ళ లోపు పనంతా 'లో'లోనే (నిదానంగా, బలంగా లాగే రేంజ్‌లోనే) చేయాలి.

రాంచర్ గురించి కూడా ఒకటి చెప్పాలి. దానికి 'లో' రేంజ్ లేదు. అన్నిటికన్నా కింది గేరు ఒకటో గేరే. బరువున్న ట్రాలీని మనిషి నడకకన్నా మెల్లగా లాగితే సెంట్రిఫ్యూగల్ క్లచ్ పూర్తిగా పట్టదు, సగం జారుతూనే ఉంటుంది. ఆ అరుగుదల పొడి నేరుగా ఇంజనాయిల్‌లోకే పోతుంది. బెల్టు కాలితే వాసనొస్తుంది, మనకి తెలుస్తుంది. క్లచ్ అరుగుదల ఆయిల్ దించినప్పుడుగాని తెలీదు.

గేరు_గట్టిది:
'లో' లేదన్నది నిజమే, ఒప్పుకుంటా. అందుకే హోండాలో మొదటి సర్వీసు వాయిదా వేయొద్దు. 100 మైళ్ళు, 20 గంటలు, ఒక నెల, ఏది ముందొస్తే అప్పుడు. ఆయిల్, ఫిల్టర్, వాల్వు గ్యాపు చూడాలి. ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగే క్లచ్‌లకి పనికొస్తుందనే గుర్తు) అని ఉండాలి. ఇంధనం ఆదా చేస్తుందని రాసి ఉన్న 10డబ్ల్యూ-30 కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారడం మొదలవుతుంది.

కాలి గేరున్న మోడల్లో ఇంకోటి. గేరు గట్టిగా పడుతుంటే గేర్‌బాక్సు పోయిందని కంగారు పడతారు. ముందు క్లచ్ సర్దుబాటు చూడండి. ఇంజను ఆపి, లాక్ నట్టు వదులు చేసి, మధ్యలో ఉన్న స్క్రూని ఎడమకి కొద్దిగా అడ్డు తగిలేదాకా తిప్పండి. అక్కణ్ణుంచి కుడికి పావు చుట్టు వెనక్కి తెచ్చి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి. ఐదు నిమిషాల పని, బెల్టు డబ్బా విప్పడంతో పోలిస్తే ఏ పాటి?

రేగడి_మనిషి:
ఇద్దరూ ఇంజను దగ్గరే ఆగిపోయారు. సెలైనా నేల హ్యూస్టన్ బ్లాక్ రకం, మన నల్లరేగడికి తోబుట్టువు. తడిస్తే ఉబ్బి టైరుకి అంటుకుంటుంది, ఎండితే బీటలు తీస్తుంది. కంపెనీ టైర్ల గాళ్ళు రెండు చుట్లలో నిండిపోయి నున్నటి రోలరు అయిపోతాయి. అప్పుడు బెల్టూ ఒకటే, గేరూ ఒకటే. గాళ్ళు వెడల్పుగా ఉండి, మట్టిని విసిరేసే టైర్లు కావాలి. కొత్త బండి తెచ్చిన రోజే గాలి కొలవండి. రవాణా కోసం ఎక్కువ కొట్టి అలాగే ఇచ్చేస్తుంటారు. వీటికి కావాల్సింది సుమారు 4, 5 పీఎస్ఐ, కచ్చితమైన అంకె ఫెండర్ మీది స్టిక్కర్‌లో ఉంటుంది. కారు గేజు ఇంత తక్కువ సరిగ్గా చూపించదు, 0 నుంచి 10 దాకా ఉండే గేజు కొనండి.

బరువు లెక్క ఇంకా ముఖ్యం. రాంచర్ వెనక ర్యాకు 133 పౌండ్లు మోస్తుంది, కోడియాక్‌ది 176. గ్యాలను నీళ్ళు 8.3 పౌండ్లు. 15 గ్యాలన్ల స్ప్రేయరులో నీళ్ళే 125 పౌండ్లు. ట్యాంకు, మోటరు, గొట్టం కలిపితే రాంచర్ హద్దు దాటినట్టే. కోడియాక్ మీద సరిపోతుంది. 25 గ్యాలన్లదైతే 208 పౌండ్లు, రెండింటి మీదా పెట్టకూడదు, ట్రాలీ మీదే. సగం ఖాళీ అయిన ట్యాంకు వాలు మీద మరీ ప్రమాదం, నీళ్ళు ఒక పక్కకి కొట్టుకుని బండిని పడదోస్తాయి. లాగడానికి రాంచర్ హద్దు 848 పౌండ్లు, కోడియాక్‌ది 1,322. తడి కంకర లాగేవాడికి ఇది చిన్న తేడా కాదు.

గేరు_గట్టిది:
బరువు విషయంలో ఎదురు చెప్పను. కానీ కోడియాక్ వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్, ఏ చక్రానికా చక్రం విడిగా ఊగుతుంది. విరిగిన కంప గుచ్చుకుని సీవీ బూటు (యాక్సిలు కీలుకి ఉండే రబ్బరు తొడుగు) చిరిగితే గ్రీజు బయటికి, మట్టి లోపలికి. మామూలు రాంచర్ వెనక రెండు చక్రాలనీ కలిపే ఒకే కట్టె యాక్సిలు, చిరగడానికి బూటే లేదు.

నిదానం_బండి:
ముందు చక్రాలకి దానికీ బూట్లున్నాయి కదండీ. ఏ బండికైనా కడిగేటప్పుడు నాలుగు మూలలా చేత్తో తడిమి చూడాల్సిందే. ఆ కట్టె యాక్సిలు నడిమి గేర్ల డబ్బా కిందికి ఉంటుంది. ట్రాక్టరు గాడి లోతుగా పడ్డ చోట మొదట ఆనేది అదే.

పదెకరాల_పొలం:
15 గ్యాలన్ల స్ప్రేయరు ఇప్పటికే ఉంది. వాన పడ్డాక రెండు రోజులు పొలంలోకి వెళ్ళే అవసరం లేదు.

రేగడి_మనిషి:
అయితే కోడియాక్. రెండు రోజులు ఆగగలిగితే బెల్టుకి నీటి భయం సగం పోయినట్టే. మొదటి కొన్ని గంటలు ట్రాలీ తగిలించకుండా, ఒకే వేగంలో కాకుండా తిప్పండి, బెల్టు పుల్లీకి సర్దుకుంటుంది. డబ్బాలోకి నీళ్ళు వెళ్ళాయని అనుమానమొస్తే కింది డ్రెయిన్ ప్లగ్గు తీసి, న్యూట్రల్‌లో పెట్టి కాసేపు యాక్సిలరేటర్ ఇవ్వండి, ఆరిపోతుంది. దిగబడకముందే, బండి ఆపి ఫోర్‌వీల్ డ్రైవ్ వేయండి. సిమెంటు దారి ఎక్కగానే తీసేయండి, లేకపోతే స్టీరింగ్ బిగుసుకుని షాఫ్టుల మీద భారం పడుతుంది.

గేరు_గట్టిది:
స్ప్రేయరు ట్రాలీ మీదికి మారిస్తే రాంచర్ ఇప్పటికీ సరిపోతుందనే అంటాను. ఏది కొన్నా చక్రాల నట్లు మొదటి రోజు నడిపాక ఒకసారి టార్క్ రెంచితో చూసుకోండి.