కోడింగ్ లెక్కల్లో ఈ 1000000007 అనే పెద్ద ప్రైమ్‌తోనే మాడ్ (భాగించి శేషం తీయడం) ఎందుకు? రాంగ్ ఆన్సర్ వస్తోంది

గాజువాక కుర్రాడు:
ఎన్‌సీఆర్ (n వస్తువుల్లోంచి r ఎంచుకునే విధాల) లెక్కలో ఒక ఫాక్టోరియల్‌ని ఇంకోదానితో భాగిస్తే చెత్త వస్తోంది గురూ, రాత్రి రెండింటి నుంచీ ఇదే పని. అసలు అన్నిట్లోనూ ఈ 7 ఏటి, గుండ్రంగా 1000000000 పెట్టొచ్చుగా? వైజాగ్‌లో ఇవి బాగా చెప్పేవాళ్లున్నారా?

మధురవాడ కోడర్:
మాడ్ తీశాక భాగించకూడదు బాబూ, ఇన్వర్స్‌తో గుణించాలి, అంటే దేంతో గుణించి మాడ్ తీస్తే 1 వస్తదో ఆ సంఖ్యతో. 2కి ఇన్వర్స్ 500000004, గుణించు, 1000000008, మాడ్ తీస్తే 1. 3కి 333333336, చేసి చూస్కో. ప్రైమ్ కాబట్టే సున్నా తప్ప అన్నిటికీ ఇన్వర్స్ ఉంటది, నీ గుండ్రటిదాన్లో 2కీ 5కీ ఉండదు. ఇదే తప్పుతో నాకు క్యాంపస్ టెస్ట్ పోయింది, తల్చుకుంటే ఇప్పటికీ మండుద్ది.

ఎంవీపీ మాస్టారు:
ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పాను, పది అంకెలదాన్ని పెద్ద ప్రైమ్ అంటే నవ్వొస్తుంది నాయనా. 2024లో దొరికిన 2^136279841−1కి 41024320 అంకెలు. అది చివర 1తో ముగుస్తుందని కంప్యూటర్ లేకుండానే చెప్తాను, ఘాతాన్ని 4తో భాగిస్తే శేషం 1 కనక 2 ఘాతం చివర 2, ఒకటి తీస్తే 1.

మధురవాడ కోడర్:
అది ఇంట్‌లో, అదే మామూలు పూర్ణాంకం దాచే టైపులో, పడుద్దా మాస్టారూ?

కంచరపాలెం:
ఇంట్‌లో పట్టేదే కావాలంటే 2147483647 లేదా? అదీ ప్రైమే, ఆయిలర్ 1772లోనే తేల్చేశాడు. ఎవడో ఒకడు 7 పెట్టాడు, మిగతావాళ్లు కాపీ కొట్టారు, అంతే.

మధురవాడ కోడర్:
పెట్టి చూడు! రెండు శేషాలు కూడగానే ఇంట్ పొంగి నెగిటివ్‌లోకి పోద్ది. 1000000007తో అయితే ఏ రెండు శేషాలు కూడినా 2000000012 దాటదు. తెలీకుండా కాపీ అనేయడమే.

కంచరపాలెం:
నేను అన్నిటికీ ఇంట్ కన్నా పెద్దవి పట్టే లాంగ్ లాంగే వాడతా, నాకేం పొంగదు. ఇంట్ పట్టుకుని వేలాడేవాళ్ల బాధ అది, మాకెందుకు.

సీతమ్మధార:
కొట్టుకోండి. ఎన్‌టీటీ (మాడ్‌లో పాలినోమియల్స్‌ని వేగంగా గుణించే పద్ధతి) చేసేవాళ్లకి రెండూ దండగే, దానికి ప్రైమ్‌లోంచి ఒకటి తీస్తే బోలెడు 2లు కారకాలుగా ఉండాలి. 1000000006 అంటే 2 × 500000003, ఆ 500000003 మళ్లీ ప్రైమ్, ఇంక 2లు ఎక్కడ దొరుకుతాయి? 998244353లో ఒకటి తీస్తే 119 × 2^23, అదీ నంబరంటే. ఘాతాన్ని కూడా 1000000007తోనే మాడ్ తీసేవాళ్లు ఇక్కడెంతమందో, 1000000006తో తియ్యాలి, ఫెర్మా చెప్పిందదే.

ఎంవీపీ మాస్టారు:
అసలా 1000000007 ప్రైమో కాదో ఎవరైనా చేత్తో చూశారా? 31622 లోపు ప్రైమ్‌లతో భాగిస్తే చాలు. మేం చాక్‌పీస్‌తో చేసేవాళ్లం.

కంచరపాలెం:
అవి మూడు వేల పైనుంటాయి మాస్టారూ, మీ లెక్క తేలేలోపు ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి కట్టేస్తాడు.

గాజువాక కుర్రాడు:
ఇన్వర్స్ పెట్టాను, మొదటి టెస్ట్ పాసైంది, రెండోదాంట్లో −3 వస్తోంది???

మధురవాడ కోడర్:
తీసివేత ఉందా? సీ++‌లో మైనస్‌కి మాడ్ తీస్తే మైనసే ఉండిపోద్ది, ముందు 1000000007 కలిపి అప్పుడు మాడ్ తియ్యి.

గాజువాక కుర్రాడు:
పాస్!! కోచింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

సీతమ్మధార:
మురీ మిక్చర్ కాళీమాత గుడి వైపా, అటు పక్కనా?