పార్థెనాన్ శిల్పాలు ఏథెన్స్‌కి తిరిగి ఇవ్వాలా? చూసొచ్చినవాళ్లు చెప్పండి

కృష్ణలంక బాటసారి
పోయిన నెల మేము నలుగురం గ్రీసు వెళ్లొచ్చాం. ఎనిమిది రోజుల్లో ఏథెన్స్‌కి ఇచ్చింది రెండే, తక్కువైందని ఇప్పుడు బాధగా ఉంది. ట్రిప్ సంగతులు ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు మాత్రం ఒక్క విషయం అడగాలి. ఆక్రోపోలిస్ కొండ కింద 2009లో తెరిచిన మ్యూజియం ఉంది కదా, దాని పై అంతస్తుని కింది బిల్డింగ్‌తో సమానంగా కాకుండా కొంచెం తిప్పి కట్టారు, కొండ మీద పార్థెనాన్ గుడి ఎటు తిరిగి ఉందో ఆ హాలూ అటే ఉండాలని. చుట్టూ అద్దాలే. శిల్పం చూస్తూ తలెత్తితే ఎదురుగా అసలు గుడి. గుడి గోడ పైన చుట్టూతా ఒక ఊరేగింపు చెక్కారు, గుర్రాలూ రథాలూ నీళ్లకుండలు మోసేవాళ్లూ, మొత్తం 160 మీటర్ల పొడవు. దాన్ని అదే వరసలో అక్కడ పేర్చారు. అసలు రాళ్లు తేనె రంగులో ఉంటాయి, మధ్యమధ్యలో సున్నం కొట్టినట్టు తెల్లటి ముక్కలు వస్తాయి, అవి ప్లాస్టర్‌తో పోసిన నకళ్లు. వాటి అసలువి ఎక్కువ భాగం లండన్‌లో ఉన్నాయి, దాదాపు 75 మీటర్లు.

అంతవరకూ నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. పొసైడన్ అని వాళ్ల సముద్ర దేవుడి విగ్రహం దగ్గరికి వచ్చాక కాళ్లు కదల్లేదు. ఒకే మనిషి ఒళ్లు. పొట్ట, ఛాతీ ముందు భాగం తేనె రంగు, భుజాలు తెల్లటి ప్లాస్టర్. ఆ భుజాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయట. మా అమ్మాయి "నాన్నా, మనిషిని రెండు దేశాలు పంచుకున్నాయా?" అంది. నాకు జవాబు దొరకలేదు. తిరిగి ఇచ్చేయాలనే నేనంటాను. మీరేమంటారు?

థేమ్స్ ఒడ్డున
నేను లండన్‌లో 14 ఏళ్లుగా ఉంటున్నాను, ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు తీసుకెళ్లేది బ్రిటిష్ మ్యూజియంలో ఈ శిల్పాలున్న రూమ్ 18కే, అందుకని ఈ విషయం నాకూ దగ్గరదే. అన్నా, మీ బాధ అర్థమైంది కానీ రెండో వైపు కూడా చూడండి. 1687లో వెనిస్ సైన్యం ఫిరంగి పేల్చినప్పుడు ఆ గుడిలో తుర్కులు మందుగుండు దాచి ఉంచారు, ఒక్క దెబ్బకి కప్పు ఎగిరిపోయింది. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఎవరికి కావాలంటే వాళ్లు రాళ్లు తీసుకెళ్లారు, సున్నం బట్టీల్లో కూడా కాల్చారు. ఈ శిల్పాలను లండన్ చేర్చిన బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ 1801లో వాటిని దించే పని మొదలుపెట్టినప్పుడు ఏథెన్స్ ఆటోమన్ తుర్కుల పాలనలో ఉంది, ఆయన ఆ ప్రభుత్వం దగ్గరే అనుమతి తీసుకున్నాడు, 1816లో పార్లమెంటు విచారణ జరిపి 35,000 పౌండ్లకి కొన్నది. ఇంకో సంగతి, 1970ల్లో ఏథెన్స్ గాలి ఎంత పాడైందంటే కొండ మీద స్తంభాలుగా నిలబడ్డ ఆడ విగ్రహాలను గ్రీకులే దించి లోపల పెట్టుకోవాల్సి వచ్చింది. లండన్‌లో టికెట్ లేదు, పక్క గదుల్లో ఈజిప్టు, అస్సీరియా ఉన్నాయి, ఒక్క పూటలో ప్రపంచం మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూడొచ్చు. దానికీ విలువ ఉంది.

గుంటూరు మాస్టారు
సున్నం బట్టీ మాట వచ్చింది కనక చెప్తున్నాను బాబూ, ఆ కథ మనకి బాగా తెలిసిందే. 1797 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ అమరావతి వచ్చి చూసేసరికి స్తూపం రాళ్లను పీకి కట్టడాలకి వాడుకుంటున్నారు, పాలరాయి లాంటి ఆ చెక్కడాలను సున్నానికి కాల్చేశారు కూడా. 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి ముందు మద్రాసు వెళ్లాయి, అందులో చాలా భాగం 1859లో లండన్ చేరింది. నేను మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు అదే మ్యూజియంలో అద్దాల వెనక వాటిని చూశాను, 120 దాకా ఉంటాయి. ఒక పలక మీద పూర్తి స్తూపం బొమ్మ ఉంది, కంచె, తోరణం దగ్గర సింహాలు, పైన ఎగిరే దేవతలు. మన ఊరి స్తూపం ఎలా ఉండేదో 60 ఏళ్లు దాటాక నాకు అక్కడ తెలిసింది. కళ్లు చెమర్చాయి. మిగిలినందుకు సంతోషం వేసింది, ఆ మాట దాచను. కానీ అమరావతి బడి పిల్లలకి అది చూడాలంటే వీసా కావాలి.

ఇక మీ ప్రశ్నకి. కాపాడినవాడికి రుణపడి ఉండటం వేరు, వస్తువు వాడిదే అయిపోవడం వేరు. ఇల్లు కాలుతుంటే పక్కింటాయన బీరువా బయటకి లాగాడు, మంచిదే, ఇల్లు మళ్లీ కట్టుకున్నాక బీరువా ఇవ్వాలా వద్దా? పైగా పార్థెనాన్ విడి విగ్రహాల పోగు కాదు, ఒక కట్టడం, అది ఇంకా నిలబడే ఉంది.

వైజాగ్ అలలు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మేము అక్టోబరులో వెళ్తున్నాం, వారం రోజులు, మొత్తం శాంటోరిని, మైకొనోస్ దీవులకే అనుకున్నాం. ఆక్రోపోలిస్ టికెట్ ఒక్కొక్కరికి 30 యూరోలు, విరిగిన స్తంభాలకి అంత దండగ అని మా ఆఫీసులో వెళ్లొచ్చినవాళ్లు అన్నారు. సెలవు దొరికేదే ఏడాదికోసారి. ఏథెన్స్ నిజంగా అవసరమా?

కృష్ణలంక బాటసారి
అవసరమే. కనీసం ఒకటిన్నర రోజు ఇవ్వండి. కొండ మీదికి పొద్దున 8 గంటల స్లాట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, రోజుకి 20,000 మందికే అనుమతి. చెప్పులు వద్దు, లక్షల పాదాలు తొక్కి తొక్కి అక్కడి రాయి నున్నగా జారుతుంది, మా ఆవిడ రెండుసార్లు జారింది. దిగి వచ్చాక మ్యూజియం చూడండి, అప్పుడే ఏ ముక్క ఎక్కడిదో తెలుస్తుంది. శాంటోరిని కూడా ఉత్త నీలం గుమ్మటాల ఊరు కాదు, అక్కడ అక్రోతిరి అని అగ్నిపర్వతం బూడిదలో కప్పబడిపోయిన పట్టణం ఉంది, పార్థెనాన్ కంటే వెయ్యేళ్లకు పైగా పాతది.

థేమ్స్ గారూ, అనుమతి అన్నారు, ఆ కాగితం అసలు ఎవరి దగ్గరా లేదు, ఇటాలియన్ అనువాదమే మిగిలింది. గుడి మీద ఉన్నవాటిని రంపంతో కోసి తీసుకెళ్లమని అందులో స్పష్టంగా లేదన్నదే ఇన్నేళ్ల వాదన. భద్రంగా ఉన్నాయంటారా, 1802లో వాటిలో కొన్నిటిని తీసుకెళ్తున్న ఓడ కిథెరా దీవి దగ్గర మునిగింది, తర్వాత పైకి తీశారు. 1930ల చివర్లో లండన్‌లోనే తెల్లగా కనపడాలని లోహపు పనిముట్లతో గీకారు, తేనె రంగు పోయింది అలాగే.

థేమ్స్ ఒడ్డున
గీకిన మాట నిజం, దానికి నేను అడ్డుచెప్పను. మరి మీరే అక్రోతిరి పేరు ఎత్తారు. అక్కడ దొరికిన గోడ చిత్రాల్లో పేరున్నవి కొన్ని, బాక్సింగ్ చేసే పిల్లలు, వసంతం గోడ, శాంటోరినిలో లేవు, ఏథెన్స్ మ్యూజియంలో ఉన్నాయి. దీవి వాళ్లు అడిగితే ఏథెన్స్ ఇచ్చేయాలా? ఎక్కడ పుట్టింది అక్కడికే అంటూ పోతే ఆగేదెక్కడ? 1963 చట్టం ప్రకారం బ్రిటిష్ మ్యూజియం తనంతట తాను ఇవ్వడానికి కూడా లేదు.

గుంటూరు మాస్టారు
మంచి ప్రశ్న వేశావు బాబూ, తేలిగ్గా తీసేయను. నా వరకు, శాంటోరిని వాడు ఏథెన్స్ వెళ్లడానికి పడవ టికెట్ చాలు, ఆ ఇంటి నిర్ణయం ఆ ఇంట్లోవాళ్లే చేసుకుంటారు. చట్టం అంటావా, చేసినవాళ్లే మార్చగలరు. కదపకూడనివి అని కూడా ఇక అనలేరు, 2014లో ఈ పార్థెనాన్ శిల్పాల్లోదే అయిన నదీ దేవుడి విగ్రహాన్ని రష్యాకి అరువు పంపింది బ్రిటిష్ మ్యూజియమే. ఏథెన్స్‌కి కూడా అరువుగా ఇస్తామంటారు, అరువు తీసుకుంటే సొంతదారు ఎవరో ఒప్పుకున్నట్టేనని గ్రీకులు తీసుకోరు. నేనైనా తీసుకోను. వాటికన్ 2023లో తన దగ్గరున్న మూడు ముక్కలు ఇచ్చేసింది, దాని మ్యూజియం ఏమీ ఖాళీ అయిపోలేదు.

వైజాగ్ అలలు
మైకొనోస్ తీసేశాను. ఏథెన్స్ రెండు రాత్రులు, శాంటోరిని నాలుగు. అక్రోతిరి కూడా పెట్టుకున్నాం. మాస్టారూ, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి రాళ్లు ఉన్నాయంటారు కదా, అది కూడా ఇంతవరకూ చూడలేదు, సంక్రాంతికి వెళ్తాం.

థేమ్స్ ఒడ్డున
మొత్తం ఇచ్చేయాలన్న మాట నేను ఇంకా అనలేకపోతున్నాను. పొసైడన్ విషయంలో మాత్రం మీ అమ్మాయి అడిగినదానికి నా దగ్గరా జవాబు లేదు. రూమ్ 18కి ఎన్నిసార్లు వెళ్లానో, ఆ భుజాల ముందు నిలబడి మిగతా ఒళ్లు ఎక్కడుందని ఒక్కసారీ అడగలేదు. శనివారం వెళ్లి ఫోటో తీస్తాను. అన్నా, మీ దగ్గర ఏథెన్స్‌లో తీసింది ఉంటే ఇక్కడే పెట్టండి, రెండూ పక్కపక్కన చూద్దాం.