కౌలు రైతుల మీద ప్రాజెక్టు: ఏ గుణాత్మక పద్ధతి తీసుకోవాలి?

ప్రశ్న (ఎం.ఏ. సోషియాలజీ విద్యార్థిని):
అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి. కౌలు రైతులకు సాగు హక్కు పత్రాలు (ఈ భూమిని సాగు చేస్తున్నది వీళ్లేనని ప్రభుత్వం ఇచ్చే కాగితాలు) ఎందుకు అందడం లేదన్నది నా ప్రాజెక్టు. గుణాత్మక పద్ధతి, అంటే అంకెల మీద కాకుండా మనుషుల మాటలు, అనుభవాల మీద ఆధారపడేది, ఏమిటని గైడ్ గారు అడిగితే ఇంటర్వ్యూ అన్నాను. అది పద్ధతి కాదు, చదువుకుని రమ్మన్నారు. చదివితే ఎథ్నోగ్రఫీ, ఫినామినాలజీ, గ్రౌండెడ్ థియరీ, కేస్ స్టడీ, నెరేటివ్ అని ఐదు కనిపించాయి. అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయి. నాలుగు నెలలే టైముంది, టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోను?

జవాబు (అధ్యాపకురాలు):
కంగారు పడకమ్మా, మీ గైడ్ గారు అడిగింది న్యాయమే. ఇంటర్వ్యూ, పరిశీలన, బృంద చర్చ, కాగితాలు చదవడం, ఇవన్నీ సమాచారం సేకరించే సాధనాలు. ఐదు పద్ధతుల్లోనూ వీటినే వాడతారు కాబట్టి నీకు అన్నీ ఒకటే అనిపించాయి. తేడా అంతా నువ్వు వేసే ప్రశ్నలో ఉంటుంది. ముందు అది తేల్చుకో.

నీ అంశాన్నే చూద్దాం. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం (2019) ప్రకారం సాగు హక్కు పత్రం రావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి. సంతకం దొరకని రైతు ఆ స్థితిని ఎలా అనుభవిస్తున్నాడని అడిగితే ఫినామినాలజీ. ఆ అనుభవం ఉన్న కొద్దిమందితోనే లోతుగా మాట్లాడాలి. ఒక మహిళా రైతు కౌలు బతుకంతా ఆమె నోటనే వరుసగా వింటే నెరేటివ్.

సంతకం చెయ్యాలా వద్దా అని యజమాని ఎలా నిర్ణయించుకుంటాడో వివరించాలనుకుంటే గ్రౌండెడ్ థియరీ. గ్లేజర్, స్ట్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు అమెరికా ఆసుపత్రుల్లో మరణానికి దగ్గరైన రోగులను అధ్యయనం చేసి, ఆ అనుభవంతో 1967లో ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు. ఉన్న సిద్ధాంతాన్ని అతికించకుండా సమాచారం నుంచే వివరణ కట్టుకుంటూ వెళ్లాలి. ఒక ఇంటర్వ్యూలో తేలినదాన్ని బట్టే తర్వాత ఎవరిని కలవాలో నిర్ణయించుకోవాలి. మొదటిసారి చేసేవాళ్లకు నాలుగు నెలలు చాలవు.

ఎథ్నోగ్రఫీ అంటే అక్కడివాళ్ల జీవనవిధానాన్ని దగ్గరుండి తెలుసుకోవడం, దానికి ఊళ్లో ఉండిపోవాలి. మలినోవ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి, అక్కడి భాష నేర్చుకుని పనిచేశాడు. మన వైపు మానవ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేశారు, 1955లో అది పుస్తకంగా వచ్చింది. సెలవుల్లో రెండుసార్లు ఊరెళ్లొచ్చి ఎథ్నోగ్రఫీ అని మాత్రం రాయకు, దయచేసి.

నీకు కేస్ స్టడీ, అంటే హద్దు గీసుకున్న ఒక్క సందర్భాన్ని లోతుగా చూడడం, సరిపోతుంది. ఒక ఊరు, ఒక పంటకాలం తీసుకుని, ఈ ఊళ్లో పత్రాలు ఎక్కడ ఆగుతున్నాయన్న ఒక్క ప్రశ్న పట్టుకో. హద్దు గీసుకున్నాక రైతులు, యజమానులు, వీఆర్వో, సహకార సంఘం వాళ్లు చెప్పిన మాటల్నీ కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

విద్యార్థిని:
చాలా థాంక్స్ మేడమ్. రైతులనూ యజమానులనూ కలిపి ఒక బృంద చర్చ పెట్టనా? ఎంతమందిని కలవాలి? వంద మందైనా ఉండాలని ఫ్రెండ్స్ అంటున్నారు.

జవాబు (క్షేత్ర పరిశోధకుడు):
కలిపి వద్దండి. వచ్చే ఏడు భూమి ఇవ్వాల్సిన ఆసామి ఎదురుగా ఉంటే కౌలు రైతు నోరు విప్పడు. ఆడవాళ్లతో కూడా విడిగా మాట్లాడండి. అరుగు మీద కాకుండా పొలం దగ్గర కలిస్తే మంచిది. ఇబ్బందులున్నాయా అని అడిగితే ఉన్నాయంటారు, మాట అక్కడితో అయిపోతుంది. పోయిన సార్వాకి కౌలు ఎప్పుడు మాట్లాడుకున్నారు, ఎకరానికి ఎన్ని బస్తాలన్నారు, కాగితం మాట ముందు ఎవరెత్తారు అని జరిగిన సంగతి అడగండి.

వంద మంది అక్కర్లేదు. కొత్త విషయం రావడం ఆగిపోయేదాకా వెళ్లాలి, దాన్నే సాచురేషన్ అంటారు. ఘనా, నైజీరియాల్లో చేసిన 60 ఇంటర్వ్యూలను పరిశీలించి 2006లో ప్రచురించిన ఒక వ్యాసంలో, చాలావరకు విషయాలు మొదటి 12 లోపే వచ్చేశాయని తేలింది. కానీ వాళ్లు కలిసింది దాదాపు ఒకే రకం పరిస్థితిలో ఉన్నవాళ్లను. మీకు రైతులు వేరు, యజమానులు వేరు. ఒక్కో వర్గానికీ విడిగా చూసుకోండి.

అధ్యాపకురాలు:
ఒక ముఖ్యమైన మాట. రికార్డు చేసేముందు అనుమతి తీసుకో. రిపోర్టులో పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ఆరెకరాల కౌలు, పాలకేంద్రం పక్కిల్లు అని రాస్తే ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. నీతో మాట్లాడినందుకు ఆ మనిషి కౌలు పోగొట్టుకోకూడదు. ఊరి పేరు కూడా మార్చు, వివరాలు కొంచెం మసకగా రాయి.

విన్నది ఆ రాత్రే తెలుగులో రాసిపెట్టుకో. మైసూరు ప్రాంతంలోని రాంపురా అనే ఊరి మీద సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ సిద్ధం చేసుకున్న నోట్సు ప్రతులన్నీ 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పు పెట్టడంతో కాలిపోయాయి. ఆ ఊరి మీద పుస్తకాన్ని ఆయన చాలావరకు జ్ఞాపకం మీద ఆధారపడి రాయాల్సి వచ్చింది. నువ్వు మాత్రం ఫోన్లో ఒక కాపీ, ఇంకెక్కడైనా మరో కాపీ ఉంచుకో, రెండింటికీ పాస్‌వర్డ్ పెట్టు.